కవల షిప్పులు రెండు: మన ఖాందాన్ ఏది ఎక్కాలి?



ఉమ్రా ప్యాకేజీల పక్కనే ఇప్పుడు క్రూజ్ ప్యాకేజీలు కూడా కనిపిస్తున్నాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు షిప్పుల పేర్లు వినిపిస్తుంటాయి. ఒకటి సింగపూర్ నుంచి బయల్దేరే జెంటింగ్ డ్రీమ్. రెండోది సౌదీ వాళ్ల అరోయా, జిద్దా నుంచి బయల్దేరేది. "బచ్చాలకు సెలవులొస్తున్నాయి, ఏది మంచిది?" అని ఎవరైనా అడిగితే జవాబు క్షణంలో వచ్చేస్తుంది: "సౌదీది హలాల్, ఇంకోటి క్యాసినో ఉన్నది. ఇందులో అడిగేదేముంది? ఖిస్సా ఖతం."

నాకు ఈ జవాబు మీద ఏతరాజ్ ఉంది. నేనూ అరోయా వైపే మొగ్గుతాను. అయితే ఆ కారణంతో మాత్రం కాదు.

ముందు ఈ రెండు షిప్పుల రిష్తా తెలుసుకోవాలి. ఇవి సగే బెహనులు. రెండింటినీ కట్టింది జర్మనీలో పాపెన్‌బర్గ్ అనే ఊళ్లోని మేయర్ వెర్ఫ్ట్ కార్ఖానా. జెంటింగ్ డ్రీమ్ 2016లో నీళ్ల మీదికొచ్చింది, రెండోది 2017లో. అప్పుడు దాని పేరు వరల్డ్ డ్రీమ్. రెండూ దాదాపు 335 మీటర్ల పొడవు. రెండింటిలోనూ 1,670కి పైగా క్యాబిన్లు, క్యాబిన్‌కు ఇద్దరి లెక్కన మూడు వేల మూడు వందల మందికి పైగా పడతారు. రెండూ డ్రీమ్ క్రూజెస్ అనే ఒకే కంపెనీవి. ఆ కంపెనీ మాతృసంస్థ జెంటింగ్ హాంకాంగ్ కరోనా దెబ్బకు అప్పుల్లో మునిగి 2022లో దివాలా తీసింది. అక్కచెల్లెళ్లు విడిపోయారు. పెద్దది రిసార్ట్స్ వరల్డ్ క్రూజెస్ పేరుతో సింగపూర్ చేరింది. చిన్నదాన్ని సౌదీ ప్రభుత్వ నిధితో నడిచే క్రూజ్ సౌదీ కొనుక్కుంది. మరమ్మతులు చేయించి, కొత్త పేరు పెట్టి, 2024 డిసెంబరులో జిద్దా నుంచి నడపడం మొదలుపెట్టింది.

అంటే ఇనుము ఒకటే, డెక్కులు ఒకటే, సముద్రం మీద ఊగే తీరు కూడా ఒకటే. తేడా అంతా ఘర్ కా దస్తూర్‌లో ఉంది.

జెంటింగ్ డ్రీమ్‌లో మందు అమ్ముతారు, క్యాసినో ఉంది. అయినా ఇస్లామీ దేశాల సంఘం ఓఐసీకి చెందిన ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం హలాల్ ఫ్రెండ్లీ సర్టిఫికెట్ పొందిన షిప్పు కూడా అదే. ముస్లిం ముసాఫిర్ల కోసం హలాల్ వంటగది పెట్టారు. అయితే షిప్పులో ప్రతి రెస్టారెంటూ హలాల్ అని ఆ సర్టిఫికెట్ అర్థం కాదు. ఏ దస్తర్‌ఖాన్ మీద కూర్చోవచ్చో అడిగి తెలుసుకోవాలి. అరోయాలో మందు లేదు, క్యాసినో లేదు. నమాజ్‌కు చోటుంది, ఆడవాళ్లకు ప్రత్యేక స్థలాలు, ప్రత్యేక వేళలు ఉన్నాయి.

ఇంతవరకు వాట్సాప్ జవాబు సరైనదే. గడ్‌బడ్ అంతా "ఖిస్సా ఖతం" అన్న ముక్కలో ఉంది. బోర్డు మీద హలాల్ అని రాసి ఉంటే మన బాధ్యత తీరిపోయిందనుకోవడం మనకు బాగా అలవాటైంది. మందు లేని షిప్పు ఎక్కినా ఫజర్‌కు లేవాల్సింది మనమే. అర్ధరాత్రి దాకా షోలు, గానా బజానా అరోయాలోనూ ఉన్నాయి. కిటికీ లేని లోపలి క్యాబిన్‌లో పగలు రాత్రి తేడా తెలియదు, అలారం పెట్టుకోకపోతే జొహర్‌కు మెలకువ వస్తుంది. బఫేలో నాలుగు ప్లేట్లు నింపి రెండు వదిలేసి లేస్తే, ఆ గోష్త్ ఎంత హలాలైనా వదిలేసింది ఇస్రాఫే. షిప్పు కంపెనీ మన కళ్ల ముందు నుంచి కొన్ని చెడ్డవాటిని తీసేయగలదు. మన ఇబాదత్ మన బదులు చేయలేదు.

మరి నా ఓటు అరోయాకు ఎందుకు? ఇంట్లో ఆడవాళ్ల కోసం.

మన ఖాందాన్ల తఫ్రీ ఎలా సాగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. బీచ్‌కు వెళ్తాం, రిసార్టుకు వెళ్తాం. అబ్బా, అబ్బాయిలు నీళ్లలోకి దూకుతారు. అమ్మీ గొడుగు కింద కుర్చీలో కూర్చుని చెప్పులకు, ఫోన్లకు, తువ్వాళ్లకు కాపలా కాస్తుంది. పక్కనే పదమూడేళ్ల కూతురు. పోయినేడాది దాకా తమ్ముడితో పాటు నీళ్లలో ఆడిన పిల్ల, ఈసారి నుంచి అమ్మీ పక్కన మరో కుర్చీ. సాయంత్రం అందరూ "మజా వచ్చింది" అంటారు. ఆ ఇద్దరిని ఎవరూ అడగరు. పైసా మాత్రం అందరి టికెట్లకూ ఒకేలా కట్టాం.

పర్దా పాటించే ఇల్లయితే ఆ కుర్చీ తప్పదని మనం ఒప్పేసుకున్నాం. తప్పేది పర్దా వల్ల కాదు. ఆడవాళ్లు కూడా నీళ్లలోకి దిగాలనుకుంటారని ఆ స్థలాలు కట్టినవాళ్లు ఆలోచించలేదు, మనమూ అడగలేదు. ఆడవాళ్లకు వేరే వేళ, వేరే చోటు ఉన్న షిప్పులో ఆ పిల్ల మళ్లీ ఈత కొట్టగలదు. నా దృష్టిలో ఈ రెండు షిప్పుల మధ్య అసలు తేడా ఇదే. మందు లేకపోవడం వల్ల మగవాళ్లకు ఒక ఇబ్బంది తప్పుతుంది. ఈ తేడా వల్ల ఆడవాళ్లకు సెలవులే దక్కుతాయి.

అందుకే బుక్ చేసేముందు ఏజెంటును అడగాల్సిన మొదటి సవాల్ ధర గురించి కాదు: "ఆడవాళ్లకు కేటాయించిన వేళలు ఏవి? ఈత కొలను కూడా అందులో ఉందా, లేక జిమ్, స్పా మాత్రమేనా? మా సఫర్ తేదీల్లో అది నడుస్తుందా?" జవాబు రాతలో తీసుకోండి. అది దొరక్కపోతే నా దలీల్ సగం పడిపోతుంది. అప్పుడు చౌకగా, దగ్గరగా ఉన్నదాన్ని చూసుకోవచ్చు.

ఇక్కడ జెంటింగ్ డ్రీమ్ తరఫున కూడా ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. "మన ఊళ్లో వైన్‌షాపు పక్కనుంచే కదా పిల్లలు రోజూ మద్రసాకు వెళ్తున్నారు, షిప్పులో బార్ ఉంటే ఏమైంది?" అనేవాళ్ల మాటలో పస లేకపోలేదు. సింగపూర్ మనకు దగ్గర. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. రెండు మూడు రాత్రుల చిన్న సఫర్లు దొరుకుతాయి, కాబట్టి మొదటిసారి ఎక్కేవాళ్లకు, సముద్రం పడుతుందో లేదో తెలియని బుజుర్గులకు సౌకర్యం. దిగాక కంపాంగ్ గ్లామ్‌లో సుల్తాన్ మసీదు ఉంది, చుట్టూ హలాల్ హోటళ్లున్నాయి. షిప్పు పెనాంగ్ వెళ్తే జార్జ్‌టౌన్‌లో కపితాన్ కెలింగ్ మసీదు చూడొచ్చు. మన దేశం నుంచి వ్యాపారానికి వెళ్లిన ముస్లింలు పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టుకున్న మసీదు అది. కెలింగ్ అనే మాట మన కళింగ నుంచే వచ్చిందని చెబుతారు. పిల్లలకు ఇది చూపించి, సముద్రం దాటి వెళ్లిన మన పాత తరాల సంగతి చెప్తే ఆ ట్రిప్పు వృథా కాదు. చిన్న కుటుంబం, తక్కువ రోజులు, తక్కువ బజెట్ అయితే అది ఎక్కినవాళ్లను నేను తప్పుపట్టను.

సెలవుల లెక్క కూడా ఉంది. మన స్కూళ్లకు పొడవైన సెలవులు ఎండాకాలంలోనే. ఎర్ర సముద్రంలో హాయిగా ఉండేది చలికాలం. 2025 వేసవిలో అరోయా ఇస్తాంబుల్ చేరి అక్కణ్నుంచి తిరిగింది. కాబట్టి జిద్దా నుంచి ఎక్కాలంటే దసరా, సంక్రాంతి సెలవులకు తేదీలు కలుస్తాయో లేదో ముందే చూసుకోవాలి.

ఇక జిద్దా అనగానే వచ్చే ఆలోచన: "ఎలాగూ వెళ్తున్నాం, ఉమ్రా కూడా చేసేద్దాం." ఆ "కూడా" దగ్గర కొంచెం ఆగాలి. మన దాదా, నానాల తరం బొంబాయిలో ఓడ ఎక్కి రోజుల తరబడి వాంతులు చేసుకుంటూ జిద్దాలో దిగేవారు. బొంబాయి నుంచి హజ్ ఓడలు 1995 దాకా నడిచాయి. వాళ్లకు సముద్రం రాస్తా, కాబా మంజిల్. మనం సముద్రాన్ని మంజిల్ చేసి, కాబాను దారిలో చూసే జగాగా మార్చకూడదు. రెండూ చేయండి, మనా లేదు. ఉమ్రాను ముందు పెట్టండి, దానికి తీరికగా రోజులివ్వండి, షిప్పు తర్వాత. ఇంటి నుంచే ఉమ్రా నియ్యత్‌తో బయల్దేరితే విమానం మీఖాత్ దాటకముందే ఇహ్రాం కట్టాలి. జిద్దాలో దిగాక చూద్దాం అంటే కుదరదు. మీ పరిస్థితి మీ ఆలిమ్‌కు వివరంగా చెప్పి ఫత్వా తీసుకోండి.

వీసా సంగతి ఇంతకంటే చిక్కు. ఈజిప్టులోనో జోర్డాన్‌లోనో దిగే సఫర్ అయితే, షిప్పు జిద్దా వదిలినప్పుడు మీరు దేశం వదిలినట్టు, తిరిగి వచ్చినప్పుడు మళ్లీ ప్రవేశించినట్టు. ఒక్కసారి ప్రవేశానికే పనికొచ్చే వీసాతో తిరిగి దిగడం కష్టం. సింగపూర్ నుంచి మలేసియా, థాయిలాండ్ తిరిగి వచ్చే షిప్పుకూ ఇదే ఖానూన్. పాస్‌పోర్టు ఏజెంటు చేతికిచ్చే ముందే ఈ ప్రశ్న అడగండి.

పైసా విషయం చివర్న చెప్తున్నానని చిన్నది అనుకోవద్దు. ప్రకటనలో కనిపించే ధర క్యాబిన్‌కు, మామూలు తిండికి. రేవు పన్నులు, రోజువారీ సర్వీసు చార్జీ, ఇంటర్నెట్, ప్రత్యేక రెస్టారెంట్లు, ఒడ్డున తిరిగే టూర్లు, విమానం, వీసా, షిప్పు ఎక్కే ముందురోజు హోటల్ గది, ఇవన్నీ కలిపితే అసలు లెక్క తేలుతుంది. ఆ లెక్క చేతిలో ఉన్న దానికి మించితే ఆగిపోండి. "ఇప్పుడు ప్రయాణించండి, తర్వాత కట్టండి" అనే ఈఎంఐలలో సూద్ ఎక్కడో ఒకచోట దాక్కుని ఉంటుంది. మందు లేని షిప్పు కోసం వెతికి వెతికి, సూద్ పైసాతో టికెట్ కొంటే ఏ హలాల్ దక్కినట్టు? ఈ ఏడు దగ్గరిదేదైనా చూసి, రెండేళ్లు కూడబెట్టి వెళ్లడంలో ఏ షర్మ్ లేదు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. షిప్పులో ఉన్నన్నాళ్లూ మీరు ముసాఫిర్లు. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ మస్లక్‌లో జొహర్, అసర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాత్‌లు. ఫజర్, మగ్రిబ్ మారవు. షిప్పు మలుపు తిరిగితే ఖిబ్లా దిశ మారుతుంది, కాబట్టి ప్రతి నమాజ్‌కు ముందు కొత్తగా చూసుకోండి. బుజుర్గులుంటే కింది డెక్కులో, షిప్పు మధ్యలో ఉన్న క్యాబిన్ అడగండి, ఊగుడు తక్కువ. నౌక ఎక్కేటప్పుడు నూహ్ అలైహిస్సలాం పలికిన మాటలు సూరె హూద్‌లో ఉన్నాయి. పిల్లలకు ఇంట్లోనే నేర్పించండి.

షిప్పు ఏదన్నది నిర్ణయించే మషూరాలో మాత్రం ఈసారి అమ్మీని, ఆ పదమూడేళ్ల పిల్లను మొదట మాట్లాడనివ్వండి. టికెట్ పైసా ఎవరిదైనా, ఇన్నేళ్లూ కుర్చీలో కూర్చున్నది వాళ్లు. అల్లాహ్ మనందరి సఫర్‌ను ఆసాన్ చేయుగాక.