ఇల్లు చూశాం, ఇంట్లో మనిషిని చూడలేదు

ఇల్లు కొనడానికి వెళ్ళినప్పుడు మనం ఏం చూస్తాం? మగవాళ్ళు కాగితాలు చూస్తారు. మనం వంటగట్టు ఎత్తూ, పంపులో నీళ్ళ జోరూ, పూజగది ఏ మూలనుందో చూస్తాం. అందులో అద్దెకున్నావిడ పక్కకి తప్పుకుని నిలబడితే, ఆవిణ్ణి కూడా ఓ అలమరాలాగే దాటుకుని వచ్చేస్తాం. నేనూ అదే చేశాను.

కిందటేడు కార్తీకంలో తెనాలిలో ఓ పాత డాబా ఇల్లు కొన్నాం. పదహారేళ్ళు అద్దె ఇళ్ళలో తిరిగి, నా గాజులు అమ్మి, బ్యాంకు అప్పు తెచ్చి కొన్న ఇల్లు. "అద్దెకున్నవాళ్ళదేముందమ్మా, ఒక్క మాట చెబితే నెలలో ఖాళీ చేస్తారు" అన్నాడు అమ్మినాయన. నమ్మేశాం. పుష్యం శూన్యమాసమని మాఘంలో గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టించారు మా అత్తయ్యగారు.

రిజిస్ట్రేషన్ అయ్యాక, కర్టెన్లకి కొలతలు తీసుకుందామని వెళ్ళాను. తలుపు తీసినావిడ మొహం పాలిపోయింది. "ఇల్లు అమ్మేశారా? ఆ రోజు మీరొస్తే బంధువులని చెప్పారే! ఈ నెల అద్దె కూడా ఆయనకే ఇచ్చాం అక్కయ్యగారూ" అంది. లోపల వాళ్ళమ్మాయి పాఠం వల్లె వేస్తోంది. పదో తరగతి. మార్చిలో పరీక్షలు.

ఇంటికొచ్చి చెబితే, "మనింట్లో మనం పాలు పొంగించుకోడానికి వాళ్ళ దయ కావాలా?" అన్నారు అత్తయ్యగారు. "రెండ్రోజులు నీళ్ళ మోటారు ఆపితే వాళ్ళే పోతారు వదినా" అన్నాడు మా మరిది. నేను ఉలిక్కిపడ్డాను. పదమూడేళ్ళ క్రితం మా ఇంటాయన మాకు సరిగ్గా ఇదే చేశాడు. మూడు నెలల పిల్లాణ్ణి చంకనేసుకుని ఎదురింటి నుంచి బిందెలు మోసుకున్న రోజులు నేనెలా మర్చిపోతాను?

తెలిసిన లాయరుగారిని అడిగితే ఆయన చెప్పింది విని మావారూ నేనూ మొహాలు చూసుకున్నాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఇల్లు కొన్నవాళ్ళు పాత యజమాని స్థానంలోకి వస్తారు. అతని హక్కులతోపాటు అతని బాధ్యతలు కూడా మన నెత్తినే పడతాయి. అమ్మకం సంగతి తెలీక పాతాయనకి కట్టిన అద్దెని మళ్ళీ మనకి కట్టమనడానికి లేదు. నెలనెలా అద్దె మీద వున్నవాళ్ళకి, రాతలో ఇంకోలా లేకపోతే, 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నీళ్ళు, కరెంటు ఆపడం కాదు, వినకపోతే కోర్టుకి వెళ్ళాలి. మేం ఈసీ తీయించాం కదా అంటే ఆయన నవ్వారు. ఈసీలో తాకట్లు కనిపిస్తాయి గానీ, నెల అద్దెకున్న మనిషి కనిపించదుగా!

చట్టానికి 15 రోజులు చాలొచ్చు. పదో తరగతి పిల్లతో ఇంకో ఇల్లు వెతుక్కుని, సామాను సర్దుకుని, పాలూ గ్యాసూ మార్చుకునే ఆడదానికి చాలుతాయా?

అలాగని అద్దెకున్నవాళ్ళందరూ అమాయకులనను. ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చుని, డబ్బిస్తేనే పోతామనేవాళ్ళూ వున్నారు. కొనుక్కున్నవాళ్ళేం జమీందార్లు కారు, ఒక చేత్తో అద్దె, ఒక చేత్తో బ్యాంకు వాయిదా కట్టేవాళ్ళు. కానీ మా విషయంలో తప్పు అక్కడ లేదు. ఆవిడకి మా సంగతీ, మాకు ఆవిడ సంగతీ దాచి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయినాయన హాయిగా వున్నాడు. మిగిలిన రెండు కుటుంబాలూ కొట్టుకోవాలి!

ముహూర్తం వైశాఖానికి మార్చుకున్నాం. అత్తయ్యగారు పది రోజులు నాతో మాట్లాడలేదు. పరీక్షలయ్యాక, అన్నమాట ప్రకారం ఏప్రిల్లో వాళ్ళు ఖాళీ చేశారు. ఆ నెలల అద్దె మాకే వచ్చింది కాబట్టి పెద్దగా నష్టపోలేదు. నష్టమల్లా వాళ్ళ అడ్వాన్సు 20 వేలు. అది అమ్మినాయన దగ్గరే వుండిపోయింది. మా కాగితాల్లో ఆ ఊసే లేదు. ఆవిడ డబ్బు ఆవిడకి మా చేతి నుంచే ఇచ్చాం.

అందుకే చెబుతున్నాను. బయానా ఇవ్వకముందే ఒకసారి మీరే వెళ్ళి, ఆ ఇంట్లో వున్నావిడ పక్కన కూర్చోండి. ఎన్నాళ్ళకి రాసుకున్నారు, అడ్వాన్సెంత, పిల్లలు ఏం చదువుతున్నారు, ఎప్పటికి వెళ్ళగలరు, అడగండి. అద్దె కాగితం చూడండి. ఏ తేదీకి ఖాళీ చేయించి ఇస్తారో, అడ్వాన్సు ఎవరు తిరిగివ్వాలో అమ్మేవాళ్ళతో కొనుగోలు ఒప్పందంలోనే రాయించండి. ఇల్లు ఖాళీగా చేతికొచ్చేదాకా కొంత సొమ్ము ఆపుకునేలా ముందే మాట్లాడుకోండి. రిజిస్ట్రేషన్ కాగానే అద్దెకున్నవాళ్ళకి ఉత్తరం ముక్క రాసి ఇవ్వండి.

వాస్తు చూడ్డానికి అరపూట కేటాయిస్తాం. ఆ ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నావిడతో మాట్లాడ్డానికి పావుగంట కేటాయించలేమా?