ఒకే పాటకి ఆరు రంగులు

హైదరాబాద్‌లో, బెంగళూరులో మెటల్ వినే మన కుర్రాళ్ళు కలిస్తే ఇదివరకు "ఆ ఆల్బమ్ విన్నావా?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు "నీ దగ్గర ఏ రంగుది ఉంది?" అంటున్నారు. నల్లది ఉందంటే జాలిగా చూస్తారు. ఎర్రది, పాలరాయి చారలది, రంగు చుక్కలు చిమ్మినట్టుండేది, చీకట్లో మెరిసేది... ఇవి ఉంటేనే లెక్క. పాటలు మాత్రం అన్నింట్లోనూ అవే.

నేనూ రికార్డులు కొంటాను. బ్లాక్ సబ్బాత్ అంటే ప్రాణం. కాబట్టి ఇది బయట నిలబడి విసిరే రాయి కాదు. ఒకే ఆల్బమ్‌ని రంగు మార్చి మార్చి కొనడాన్ని సంగీతం మీద ప్రేమ అనకండి. అది గ్రేడింగు.

ఆ మాట ఊరికే అనలేదు. మాది టెక్కలి పక్కన రావివలస. పలాస జీడిపప్పు మీకు తెలిసే ఉంటుంది. తెల్లటి నిండు పప్పుని 180, 240, 320 అని గ్రేడు కడతారు, పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్క మీద. వేడికి కాస్త రంగు తిరిగిందా, అది వేరే గ్రేడు, రేటు తక్కువ. పప్పు అదే. పిక్క కొట్టేటప్పుడు జీడి రసానికి చెయ్యి మండేది కూడా ఒకేలాగే. మా వీధిలో పిక్కలు కొట్టే పిన్ని ఒకావిడకి, ఫోన్‌లో ఒకే ఆల్బమ్‌వి ఆరు రంగులు చూపించాను. "రంగు మారితే పాట మారతాదేటి బాబూ?" అంది. దీనికి ఏ కలెక్టరూ నాకింకా జవాబు చెప్పలేదు.

రంగు రికార్డులు కొత్తేం కాదు. పీవీసీ దానంతట అది నల్లగా ఉండదు, కార్బన్ బ్లాక్ కలిపితే నల్లబడుతుంది. 1949లో ఆర్‌సీఏ విక్టర్ తన 45 ఆర్‌పీఎమ్ రికార్డుల్ని రంగుల్లోనే తెచ్చింది. క్లాసికల్‌కి ఎరుపు, కంట్రీ పాటలకి ఆకుపచ్చ, పిల్లల పాటలకి పసుపు. అప్పుడు రంగు చూస్తే లోపల ఏముందో తెలిసేది. ఇప్పటి రంగు చెప్పేది ఒక్కటే, ఎన్ని కాపీలు వేశారో. "500 మాత్రమే" అని స్టిక్కరు అంటిస్తారు. కొరత నిజంగా ఉంటే అది ఆ రంగుకే, పాటకి కాదు.

నల్లదే బాగా మోగుతుందని వాదించబోవడం లేదు. మంచి ఫ్యాక్టరీలో పడితే రంగుదీ బాగానే మోగుతుంది. నా గొడవ మోగించకపోవడంతో. నేను చూసిన సేకరణల్లో సగం ప్లాస్టిక్ కవరు చింపనివి. ఎందుకయ్యా అంటే, తెరిస్తే రేటు పడిపోతుందట!

ఇక్కడ టోనీ అయోమీ సంగతి చెప్పుకోవాలి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, పదిహేడేళ్ళ వయసులో, కుడిచేతి రెండు వేళ్ళ కొసలు మిషన్‌లో పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ చేత్తోనే. ఇక గిటార్ లేదనుకున్నాడు. ఫ్యాక్టరీలో పైవాడొకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినమన్నాడు. కాలిన చేత్తో, రెండు వేళ్ళు సరిగా పనిచేయకుండానే అంత గిటార్ వాయించినవాడు జాంగో. అది విని అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. తర్వాత తీగల బిగువు కూడా తగ్గించాడు. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ వెనక ఆ చెయ్యి ఉంది, ఆ చెయ్యి వెనక ఒకరు ఇంకొకరికి వినిపించిన రికార్డు ఉంది. దాని రంగు ఏమిటన్నది ఈ కథలో ఎక్కడా రాదు. సీలు తియ్యకుండా బీరువాలో దాచి ఉంటే కథే లేదు.

"బ్యాండుని బతికిస్తున్నాం కదా" అంటారు. చిన్న బ్యాండుల విషయంలో ఒప్పుకుంటాను, వాళ్ళకి రికార్డు అమ్మకమే బస్సు ఛార్జీ. అయితే అదే పెద్ద బ్యాండు ఆల్బమ్ నాలుగో రంగుకి పోసే మూడు నాలుగు వేలు, రెండో కాపీ కూడా వెయ్యలేని మన ఊళ్ళ బ్యాండుకి ఎందుకు పోదు? "అందంగా ఉంటుంది" అంటారు. ఉంటుంది. టైప్ ఓ నెగటివ్ బ్యాండు గుర్తే ఆకుపచ్చ, నలుపు. వాళ్ళ ఆల్బమ్ ఆకుపచ్చలో కొనుక్కుంటే అర్థముంది. ఒకటి కొనండి. పేరులోనే నలుపున్న బ్యాండుని గులాబీ రంగులో కొనుక్కున్నా నవ్వుతాను గానీ తప్పు పట్టను. మిగతా అయిదింటి మాటేమిటి?

"నా డబ్బు, నా ఇష్టం" అన్నది చివరి మాట. డబ్బు మీదే. కానీ 500 కాపీల్లో మూడు మీ దగ్గరుంటే, ఇద్దరికి దొరకలేదు. ఆ ఇద్దరిలో ఒకడు టెక్కలిలోనో కాశీబుగ్గలోనో పగిలిన ఫోన్ స్పీకర్లో సబ్బాత్ వింటున్న కుర్రాడు కావచ్చు. వాడు కొనాలంటే ఇప్పుడు మీలాంటివాళ్ళ దగ్గరే రెట్టింపు పెట్టి కొనాలి.

మీ బీరువాలో ఒకే ఆల్బమ్ రెండుసార్లు ఉంటే ఒకదాని కవరు ఇవాళే చింపండి. రెండోది అసలు ధరకే అమ్మండి, లేదా వినేవాడికి ఊరికే ఇవ్వండి. ఏ రంగుది ఇవ్వాలన్నది మీ ఇష్టం.