అసలు ఆట... కొసరు ఆట!

సంతలో కూరగాయలు తూచాక కొసరు అడగడం మనకి అలవాటే. నాలుగు పచ్చిమిరపకాయలో కరివేపాకు రెబ్బో వేస్తే సంతోషంగా ఇంటికొస్తాం. వీడియోగేముల లోకంలోనూ కొసర్లు ఉంటాయి. ఒక ఆట జనానికి బాగా నచ్చిందంటే చాలు, అవే పాత్రలతో దానికో తమ్ముడి లాంటి ఆట తయారవుతుంది. దాన్ని 'స్పిన్‌ఆఫ్' అంటారు. అయితే ఈ కొసరు ఒక్కోసారి ఉచితంగా చేతిలోకొచ్చి, తర్వాత మెల్లగా జేబులోకి చెయ్యి పెడుతుంది. 'యానిమల్ క్రాసింగ్' అభిమానులకు ఏడేళ్లపాటు ఎదురైన అనుభవం ఇదే.

తొందరలేని ఊరు

నింటెండో సంస్థ 2001 ఏప్రిల్‌లో జపాన్‌లో ఈ ఆటను విడుదల చేసింది. ఇందులో యుద్ధాల్లేవు, గెలుపోటముల్లేవు. పిల్లులూ కుందేళ్లూ ఎలుగుబంట్లూ మనుషుల్లా మాట్లాడుకుంటూ కాపురాలు చేసే ఓ చిన్న ఊరు. ఆటగాడు అక్కడికి కొత్తగా వచ్చిన మనిషి. చేపలు పట్టొచ్చు, పళ్లు కోయొచ్చు, ఇరుగుపొరుగుతో కబుర్లు చెప్పొచ్చు... అంతే! ఆట రూపకర్తల్లో ఒకరైన కట్సుయా ఎగూచి ఉద్యోగం కోసం చిబా నుంచి క్యోటోకి వచ్చినప్పుడు అయినవాళ్లకీ స్నేహితులకీ దూరమై బెంగపడ్డాడట. ఆ బెంగలోంచే ఈ ఊరు పుట్టింది.

ఈ ఊరి గడియారం మన గోడ గడియారంతో సమానంగా నడుస్తుంది. ఇక్కడ రాత్రయితే అక్కడా రాత్రే, దుకాణం మూసేస్తారు. నాటిన మొక్క చెట్టవ్వాలంటే కొన్ని రోజులు ఆగాల్సిందే. టర్నిప్ దుంపలు ఆదివారం ఉదయమే దొరుకుతాయి, వారంలోగా అమ్ముకోకపోతే కుళ్లిపోతాయి. కొన్నాళ్లు ఊరివైపు వెళ్లకపోతే కలుపు మొలుస్తుంది, 'ఇన్నాళ్లూ ఏమైపోయావ్?' అని పొరుగువాళ్లు అడుగుతారు. ఇల్లు కట్టించే టామ్ నూక్ అనే వ్యాపారి అప్పిస్తాడు కానీ వడ్డీ అడగడు, గడువూ పెట్టడు. ఆ రోజు పనులయ్యాక చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. మళ్లీ రేపే! పాత అభిమానులు ఈ ఆటను ప్రేమించింది సరిగ్గా అందుకే.

మూడు గంటలకోసారి

2017 నవంబరులో ఈ ఆట ఫోన్లలోకి వచ్చింది. పేరు 'పాకెట్ క్యాంప్'. ఊరికి బదులు ఓ విడిది, దాని చుట్టూ వాగూ తోటా సముద్రతీరం. అడిగినవాళ్లకి పండో చేపో ఇస్తే కర్రా దూదీ లాంటివి ఇస్తారు. వాటితో కుర్చీలూ మంచాలూ చేయించి విడిదిని అలంకరించుకోవాలి. బట్టలూ సామాన్లూ ముచ్చటగా ఉన్నాయనీ, పాత నేస్తాలని జేబులో వేసుకు తిరగడం బాగుందనీ అభిమానులు సంబరపడ్డారు.

తేడా త్వరలోనే తెలిసొచ్చింది. అసలు ఆట 'రేపు రా' అని ఇంటికి పంపేది. ఇది 'మూడు గంటలాగి రా' అని పిలవడం మొదలెట్టింది. కోసిన పళ్లు మూడు గంటల్లో మళ్లీ కాస్తాయి, అప్పటికి కొత్త అతిథులు వచ్చి ఉంటారు. కోరికలు మాత్రం అవే! సామాన్లు తయారవడానికి గంటలు పడుతుంది. ఆగలేమా, 'లీఫ్ టికెట్లు' ఇస్తే క్షణాల్లో సిద్ధం. ఆడుతుంటే కొన్ని టికెట్లు ఊరికే వచ్చినా, ఎక్కువ కావాలంటే అసలు డబ్బుతో కొనాలి. తర్వాత 'ఫార్చ్యూన్ కుకీ'లు వచ్చాయి. లోపల ఏముందో తెలియకుండా తీసుకోవాలి. కోరుకున్న వస్తువు వస్తే అదృష్టం, లేకపోతే ఇంకోటి!

ఇలా అదృష్టం మీద డబ్బు పెట్టించే పెట్టెలు జూదం కిందికే వస్తాయని బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో తేల్చింది. దాంతో 2019 ఆగస్టులో నింటెండో ఆ దేశంలో పాకెట్ క్యాంప్‌ను ఆపేసింది. పాత అభిమాని తీర్పు కూడా దాదాపు ఇదే. బొమ్మలు అవే, మాటలు అవే, పాటలూ అలాంటివే. కానీ అసలు ఆటలో ఎదురుచూపే ఆనందం. కొసరు ఆటలో ఎదురుచూపు ఓ చిక్కుముడి... దాన్ని విప్పడానికో ధర!

ఒక్కసారే ధర

2020 మార్చిలో స్విచ్ యంత్రం కోసం 'న్యూ హొరైజన్స్' వచ్చింది. కొవిడ్ వల్ల జనం ఇళ్లకే పరిమితమైన రోజుల్లో ఆ దీవి ఎందరికో ఊరటనిచ్చింది. 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయింది. డబ్బు పెట్టి తొందరపడే దారి అందులోనూ లేదు. తొందరలేని ఆటకి గిరాకీ ఉండదన్న అనుమానం అక్కడితో తీరిపోయింది.

ఫోన్ ఆటకీ చివరికి బుద్ధొచ్చిందనుకోవాలి. 2024 నవంబరు చివర్లో పాత పాకెట్ క్యాంప్ సేవలు ఆగిపోయాయి. డిసెంబరులో 'పాకెట్ క్యాంప్ కంప్లీట్' వచ్చింది. ముందు 9.99 డాలర్లు, 2025 జనవరి దాటాక 19.99. ఒక్కసారి కొంటే అంతే, ఆటలో మళ్లీ కొనాల్సింది లేదు. ఏడేళ్లలో పోగైన వేలకొద్దీ వస్తువులు ఆడి సంపాదించుకోవచ్చు. లోటు లేదని కాదు. స్నేహితుల విడిదికి చుట్టపుచూపుగా వెళ్లే వీలు పోయింది. ఏడేళ్లూ టికెట్లు కొన్నవాళ్లు కూడా మళ్లీ ధర కట్టాల్సొచ్చింది. అయినా 'మొదటే ఇలా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది' అన్నదే పాత అభిమానుల ఆఖరి మాట. ఊరంత ఆట ఇది కాదు, కాసేపు కాలక్షేపానికి మాత్రం మంచి నేస్తమే!

పిల్లలకి ఫోనిచ్చే ఇళ్లలో పనికొచ్చే మాట ఇందులో ఒకటుంది. ఆట 'ఉచితం' అని ఉంటే అక్కడే ఆగకూడదు. యాప్ స్టోర్‌లో ఆ పేరు కిందే, లోపల కొనుగోళ్లు ఉన్నాయా లేదా అన్నది రాసి ఉంటుంది, చూసుకోవాలి. ఫోన్లో చెల్లింపులకి పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. కాసేపు పక్కన కూర్చుని, ఆ ఆట పిల్లల్ని ఎక్కడ ఆపుతోందో, ఆపి ఏమడుగుతోందో గమనించాలి. రేపటిదాకా ఆగమనే ఆటతో బెంగ లేదు. ఆగలేకపోతే డబ్బు కట్టమనే ఆటతోనే జాగ్రత్త!