కంప్యూటర్ పాతబడలేదు, జాబితాలో లేదంతే

విండోస్ 10కి కాలం చెల్లింది కాబట్టి పాత కంప్యూటర్లు మార్చేయక తప్పదన్న మీ వ్యాసకర్త మాట ఒప్పుకోలేను. 2025 అక్టోబర్ 14తో ఆగినవి మామూలు భద్రతా అప్‌డేట్లు. కంప్యూటర్లు ఆగలేదు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి; ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటారు. మా షాపులో ఉన్నది ఏడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. పెళ్లిళ్ల సీజన్‌లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తెలుగు శుభలేఖ, పక్కనే ఇన్‌పేజ్‌లో ఉర్దూ కార్డు తెరిచి పెడతాం. ఎక్కడా తడబడదు. అలాంటి మెషీన్‌ను తుక్కు అనడం అన్యాయం.

లినక్స్ వేసుకుంటే సరి అని కూడా తేల్చేశారు. పిల్లల చదువుకి, ఇంటర్నెట్‌కి నిజంగానే మంచిది, పాత 64 బిట్ మెషీన్లలో హాయిగా నడుస్తుంది. అయితే లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్ నుంచి 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. పైగా ఛత్తా బజార్‌లో మేం ఏళ్లుగా దాచుకున్న పేజ్‌మేకర్ ఫైళ్లు అందులో నేరుగా తెరుచుకోవు. "పెద్దోడికి కొట్టిచ్చిన కార్డు లెక్కనే చిన్నోడిది గూడ కొట్టియ్యి అన్నా" అంటూ పాత గిరాకీ వస్తే, ఆ ఫైలే మాకు అన్నం పెట్టేది.

ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు 2026 అక్టోబర్ దాకా అదనపు భద్రతా అప్‌డేట్లు పొందే వీలుంది. వ్యాసంలో ఆ ముక్కే లేదు. కొత్తది కొనమనే ముందు అదైనా చెప్పాల్సింది.

– ఒక డీటీపీ ఆపరేటర్, నయాపూల్, హైదరాబాద్