పెద్ద కార్బురేటర్ పెడితే బండి పెద్దదైపోదు

మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు పాత అంబాసిడర్లు ఇంకా అక్కడక్కడా తిరుగుతున్నాయి. వాటిని ముచ్చటపడి బాగు చేయించుకునే కుర్రాళ్లూ ఉన్నారు. బండి లాగట్లేదు అనగానే వాళ్లకు దొరికే సలహా ఒకటే: "పెద్ద కార్బురేటర్ ఎయ్యన్నా, పరిగెత్తుతాది." నా మటుకు నాకు, ఇది బండికి చేటు చేసే సలహా.

ఎందుకో లెక్క కట్టి చూద్దాం. పరీక్షల కోసం మనం బట్టీ పట్టే వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ పనికొచ్చేది ఇక్కడే. అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజిన్ 1489 సీసీ. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకోసారి అంత గాలి పీలుస్తుంది. అంటే 4500 ఆర్పీఎం దగ్గర నిమిషానికి సుమారు 3350 లీటర్లు. ఎఫిషియెన్సీ 80 శాతం అనుకుంటే 2680. పైన ఎంత పెద్ద నోరు పెట్టినా, అది పీల్చేది అంతే.

పోనీ, పెద్దదుంటే నష్టమేంటి? ఇరుకు సందులో గాలి ఈడ్చి కొట్టినట్టు, వెంచురి ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. జెట్‌లోంచి పెట్రోల్‌ని లాగేది ఆ తగ్గుదలే. ఉదాహరణకి 24 ఎంఎం వెంచురి బదులు 30 పెట్టామనుకోండి. అదే గాలికి వేగం 64 శాతానికి పడిపోతుంది. లాగే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 41 శాతానికి దిగుతుంది. తక్కువ ఆర్పీఎంలో పెట్రోల్ సన్నటి తుంపరగా కలవదు. యాక్సిలరేటర్ తొక్కగానే బండి గుటకలు మింగుతుంది.

దాన్ని సరిచేద్దామని జెట్ పెద్దది చేస్తారు. ప్లగ్గులు నల్లబడతాయి. ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, రింగులు అరుగుతాయి. 2014లోనే తయారీ ఆగిపోయిన బండికి ఇంజిన్ పని పెట్టుకోవడమంటే మాటలా?

మరీ చిన్నదైనా తప్పే, పై వేగంలో ఊపిరాడదు. క్యామ్‌షాఫ్ట్, వాల్వులు మార్చి ఇంజిన్ నిజంగా ఎక్కువ గాలి పీల్చేలా చేసినవాళ్లకు పెద్దది కావాల్సిందే. కానీ పత్తి లారీల వెనక రెండో గేరులో పాకే బండికి 4500 దగ్గరి బలంతో ఏం పని? మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!

అందుకే ముందు వాల్వ్ క్లియరెన్స్, పాయింట్లు, కంప్రెషన్, మానిఫోల్డ్ దగ్గర గాలి లీకు చూడండి. అవన్నీ బాగుండి కూడా లాగకపోతే అప్పుడు సైజు మాట ఎత్తుదాం, అదీ మనం రోజూ నడిపే ఆర్పీఎంని బట్టి. ఈలోపు ఒరిజినల్ కార్బురేటర్‌ని పాత సామాన్లవాడికి మాత్రం వేయకండి. దాన్ని పెట్టినవాళ్లు ఈ లెక్క కట్టాకే పెట్టారు.