టీకి వెళ్తేనే తెగిపోయేది!

బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసు. పట్టుమని పదిహేను మందిమి. పనంతా ఎక్కడో ఉన్న సర్వర్ల మీదే. ల్యాప్‌టాప్‌లో నల్ల విండో తెరిచి, ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికెళ్లి కమాండ్లు కొడతాం.

ఓ నెల పాటు ఆ విండో మమ్మల్ని ఏడిపించింది. ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. ఎంటర్ కొడితే ఉలుకూ పలుకూ ఉండదు. కాసేపాగి ‘బ్రోకెన్ పైప్’ అని బయటికి తోసేది. 2024 బుడమేరు వరద తర్వాత మా వాళ్లకు ఏ లైను పోయినా ‘కేబుల్లోకి నీళ్లు దిగాయేమో’ అనడం అలవాటు. కానీ యూట్యూబ్ ఆడుతోంది, వాట్సాప్ మోగుతోంది. మరి నీళ్లు దీనికొక్కదానికే దిగాయా?

ఇంతలో పెద్ద దెబ్బ తగిలింది. రోజూ గుడివాడ నుంచి రైల్లో వచ్చే మా జూనియర్, క్లయింట్ డేటాబేస్ మార్చే కమాండ్ వేసి టీకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి సెషన్ పోయింది, పని సగంలో ఆగింది. ఆ రాత్రి రెండింటి దాకా బ్యాకప్ ఎక్కిస్తూ కూర్చున్నాం. ‘కమాండ్ వదిలేసి టీకి వెళ్తావా?’ అని అందరి ముందూ అరిచాను. వాడిని ప్రాజెక్టు నుంచి తీసేద్దామని మేనేజర్ కూడా అన్నాడు.

మర్నాడు వాడు ఓ కాగితం తెచ్చాడు. నెల రోజులుగా సెషన్ ఎప్పుడెప్పుడు తెగిందో టైముతో సహా రాసుకున్నాడు. ‘అన్నా, నేను పని చేస్తుంటే ఒక్కసారీ పోలేదు. వదిలేసి లేచినప్పుడే పోతోంది’ అన్నాడు.

ఇద్దరం పరీక్ష పెట్టాం. ఒక విండోలో ‘టాప్’ కమాండ్ నడిపాం. అది సెకన్ల తేడాతో ఏదో ఒకటి చూపిస్తూనే ఉంటుంది. రెండో విండోని ముట్టుకోలేదు. పది నిమిషాలకు మొదటిది బతికే ఉంది, రెండోది పోయింది. తర్వాత మూడు నిమిషాలు, నాలుగు, అయిదు అంటూ ఆగి ఆగి చూశాం. అయిదు దాటితే ఖతం.

అసలు సంగతేంటంటే, మన కనెక్షన్లన్నిటినీ ఆఫీసు ఫైర్‌వాల్ ఓ పట్టికలో రాసుకుంటుంది. కాసేపు మాటల్లేకపోతే ఆ వరుస కొట్టేస్తుంది. మాకు కొత్తగా పెట్టిన దాంట్లో ఆ గడువు 300 సెకన్లు. 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 5382 ప్రకారం అది 2 గంటల 4 నిమిషాలకు తగ్గకూడదు. ఎందుకంటే కంప్యూటర్లు ‘ఉన్నావా?’ అని మామూలుగా 2 గంటలకోసారి పలకరించుకుంటాయి. అయిదు నిమిషాలకే తలుపేస్తే ఆ పలకరింపు ఎప్పటికి చేరాలి? వాట్సాప్ తెగినా తనే మళ్లీ కలుపుకుంటుంది కాబట్టి మనకు తెలీదు. ఎస్‌ఎస్‌హెచ్‌కి ఆ వెసులుబాటు లేదు.

‘మా ఊళ్లో కాలవ నీళ్ల వంతు వచ్చినప్పుడు రాత్రంతా గట్టు మీదే ఉండాలన్నా. మనిషి కనపడకపోతే తూము మూసేస్తారు’ అన్నాడు వాడు. అచ్చం అంతే!

మీకూ ఇదే బాధుంటే రెండు పనులు చేయండి. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్లో ‘సర్వర్‌ఎలైవ్‌ఇంటర్వెల్ 60’ అని ఒక లైను పెట్టండి. ఏ మాటా లేకుండా నిమిషం గడిస్తే అదే సర్వర్‌ని పలకరిస్తుంది, పట్టికలో మీ వరుస చెరగదు. రెండోది, పెద్ద పనులు ఎప్పుడూ టీమక్స్‌లోనే నడపండి. కరెంటు పోయి నెట్ నిజంగానే తెగినా, సర్వర్ మీద పని ఆగదు. మళ్లీ లాగిన్ అయి ‘టీమక్స్ అటాచ్’ అంటే వదిలిన చోటే ఉంటుంది. ముందుగా మాత్రం వాడిలాగే టైములు రాసుకోండి. పని మధ్యలో కూడా తెగుతుంటే రోగం వేరు. వైఫై, కేబుల్ చూసుకోవాలి.

మా ఫైర్‌వాల్ గడువు ఇప్పుడు పెంచారు. అరిచింది అందరి ముందు కాబట్టి, సారీ కూడా అందరి ముందే చెప్పాను. ప్రాజెక్టులో వాడే ఉన్నాడు. ఆ సాయంత్రం కమాండ్ వేసి ఇద్దరం టీకి వెళ్లాం. తిరిగొచ్చేసరికి అది ఇంకా నడుస్తూనే ఉంది.