పద్దు పుస్తకంలో మనమెక్కడ?

మా నందివాడ మండలంలో ఏ ఊరి పొలిమేర దాటినా చెరువులే. మాదీ మూడెకరాల రొయ్యల చెరువు. పట్టుబడి అయిన రాత్రి మావారు పద్దు పుస్తకం ముందేసుకుని కూర్చుంటారు. సీడు, మేత, మందులు, కరెంటు, లీజు, కూలీలు అన్నీ కూడి, "పర్వాలేదే, ఈ పంటకి 40 వేలు మిగిలింది" అన్నారు కిందటిసారి.

"నా గాజుల వడ్డీ రాశారా?" అన్నాను.

"అది ఇంటి ఖర్చు కదా!" అన్నారు తలెత్తి.

మేత కొనడానికి బ్యాంకులో పెట్టిన గాజుల వడ్డీ ఇంటి ఖర్చెలా అవుతుంది? అది 11 వేలు. అర్ధరాత్రి కరెంటు పోతే పరుగెత్తి జనరేటర్ వేసింది నేను. నాలుగు నెలలు కూలీలకి వండి పెట్టింది నేను. నా కష్టానికి రోజుకి 300 వేసినా 36 వేలు. అంటే మిగిలింది 40 వేలు కాదు, పోయింది 7 వేలు.

ఇది మొగుడూ పెళ్ళాల తగువు అనుకోకండి. మన రొయ్య అమెరికా వాళ్ళ కంచంలోకి చేరేదాకా వ్యాపారమంతా ఇలాంటి పద్దుల మీదే నడుస్తోంది. 2023-24లో మన దేశం 60,523 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేస్తే, అందులో రొయ్యలవే 40,013 కోట్లు. అన్నిటికంటే ఎక్కువ కొన్నది అమెరికాయే.

ఆ అమెరికా, ఉండాల్సిన ధర కంటే తక్కువకి అమ్ముతున్నారంటూ 2005లో మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది. ఉండాల్సిన ధర ఎంతో వాళ్ళే లెక్క కడతారు. కొన్ని కంపెనీల పుస్తకాలు తనిఖీ చేసి, మిగతా వాళ్ళకి సగటు వేస్తారు. ముందు డిపాజిట్ కట్టించుకుని, అసలు సుంకం ఎంతో తర్వాతెప్పుడో తేలుస్తారు. అది చాలదన్నట్టు అక్కడి దిగుమతిదారులు పెద్ద మొత్తానికి బాండ్లు కూడా పెట్టాలన్నారు. ఆ బాండ్ల మీద మన దేశం 2006లో ప్రపంచ వాణిజ్య సంస్థకి ఫిర్యాదు చేసి 2008లో గెలిచింది. 2024లో, మన ప్రభుత్వం ఎగుమతిదారులకి సబ్సిడీలిస్తోందని ఇంకో సుంకం వేశారు. 2025 ఆగస్టులో ఇవి కాక 50 శాతం సుంకం వచ్చిపడింది.

భారం పై వాళ్ళ మీద పడితే కింద వాళ్ళ మీదకి తోస్తారు. దిగుమతిదారు ఎగుమతిదారు మీదకి, ఎగుమతిదారు ఏజెంటు మీదకి, ఏజెంటు రైతు మీదకి. రైతు దగ్గరకొచ్చేసరికి వంద కౌంట్ ధర తగ్గుతుంది. రైతు కింద ఇంకెవరున్నారు? ఇల్లుంది. ఇంట్లో మన గాజులున్నాయి, డ్వాక్రా అప్పుంది. ప్లాంటులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి తలలు తీసే ఆడకూలీలున్నారు. సరుకు రాని రోజు వాళ్ళకి పనే ఉండదు.

గడువు సంగతీ చూడండి. విదేశాల నుంచి డబ్బు రాబట్టుకోవడానికి ఎగుమతిదారులకి ఉన్న 9 నెలల గడువుని రిజర్వు బ్యాంకు 2025 నవంబరులో 15 నెలలు చేసింది. మంచిదే, కాదనను. కానీ అరువు మేత మీద వడ్డీకి మాకెవరు గడువిచ్చారు? గాజుల నోటీసు మాత్రం వేళకొస్తుంది.

"నువ్వు పద్దు రాస్తే కౌంట్ ధర పెరుగుతుందా?" అన్నారు మావారు. పెరగదు. ఆ మాట నేనూ ఒప్పుకున్నాను. కానీ మిగిలిందనుకుని మళ్ళీ సీడు వేయడానికి మెడలో గొలుసు కూడా తీసివ్వబోయాను. నిజం లెక్క తెలిసింది గనక ఆగాను. ఈసారి సగం చెరువుకే సీడు వేశాం. గొలుసు మెడలోనే ఉంది.

అందుకే చెబుతున్నాను. మేత బిల్లులో నగదు ధర వేరు, అరువు ధర వేరు రాయించండి. రెండిటికీ తేడాయే మీరు కట్టే వడ్డీ. పట్టుబడి రోజు కాటా దగ్గర నిలబడి, కౌంటూ తూకమూ చీటీ మీద రాయించుకోండి. నగలు కుదువపెడితే ఆ వడ్డీ చెరువు పద్దులోనే రాయండి. మీ కష్టానికీ ఒక గీత గీసి అంకె వేయండి.

రాయని ఖర్చు ఎవరికీ కనబడదు. కనబడని ఖర్చుకి డబ్బు ఎవరూ ఇవ్వరు, మన మగవాళ్ళతో సహా. రొయ్యకెంత ఖర్చయిందో సముద్రాల అవతల వాళ్ళు లెక్క కడుతున్నప్పుడు, గట్టు మీద కాపలా కాసే మనం కట్టుకోవద్దూ?

మా ఇంట్లో ఈ పంట పద్దు పుస్తకం నా చేతిలో ఉంది. మొదటి పేజీలో మొదటి పద్దు, గాజుల వడ్డీ.